మా లేఅవుట్‌లో మెట్టతామర మొక్కల ఎస్టీపీ (మురుగు నీటి శుద్ధి ప్లాంటు): 4/5

ముందే చెప్తున్నా, ఖాళీ జాగా లేని అపార్ట్‌మెంట్ వాళ్లకి ఇది పనికిరాదు. మాది బెంగళూరులో సర్జాపుర రోడ్డు నుంచి లోపలికెళ్తే వచ్చే చిన్న విల్లాల లేఅవుట్, అందరం కలిపి ఓ 90 మందిమి ఉంటాం, మురుగు లైన్ మా వైపు ఇంకా రాలేదు. ఇంతకుముందు మురుగులోకి గాలి కొట్టే బ్లోవర్లతో నడిచే ఎస్టీపీ ఉండేది, రాత్రంతా మోత, కరెంటు బిల్లు వేరే, ఆపరేటర్ రాని రోజు కంపు. అది మూలనపడ్డాక దాని బదులు ఒక కంపెనీతో (పేరు రాయట్లేదు, అడగొద్దు) వెట్‌ల్యాండ్ కట్టించుకున్నాం, అంటే మొక్కలు నాటిన కంకర బెడ్ల గుండా మురుగుని పోనిచ్చి శుద్ధి చేసేది.

అసలు విషయం జాగానే. మనలాంటి వేడి ప్రాంతాల్లో, నీళ్లు పైనుంచి కిందకి దిగే రకం బెడ్ అయితే, మనిషికి ఒకటి నుంచి రెండు చదరపు మీటర్లు చాలు, చలి దేశాల్లో ఇదే పనికి 4 దాకా లెక్కేస్తారు. చలికి బ్యాక్టీరియా పని నెమ్మదిస్తుంది కదా, బెంగళూరు చలి దానికి ఒక లెక్కే కాదు. మాకు మనిషికి ఒకటిన్నర చొప్పున 135 చదరపు మీటర్లు పడింది, అంటే 160 గజాల పైనే. ఇక్కడి రేట్లకి అది ఒక సైటు! ఈ మాట వినగానే సగం మంది వద్దన్నారు, పార్కు మూల వాడుకుంటాం, పైన ఎలాగూ పూల మొక్కలే అని చెప్తే ఒప్పుకున్నారు.

మొక్కలు మురికి తాగేస్తాయి సార్ అని సేల్స్ అబ్బాయి చెప్పాడు, అదంతా వినడానికి బాగుంటుంది గానీ పనంతా కంకరకి, వేళ్లకి పట్టుకున్న బ్యాక్టీరియాది. ఇళ్ల నుంచి వచ్చే మురుగు ముందు సెప్టిక్ ట్యాంకులో తేరుకుంటుంది, తర్వాత చిన్న పంపు రోజుకి కొన్నిసార్లు ఆగి ఆగి బెడ్ మీదకి కొడుతుంది, ఆ నీళ్లు దిగిపోతుంటే వెనకాలే గాలి లోపలికెళ్తుంది, మురుగులోని అమ్మోనియా పోవాలంటే ఆ గాలే కావాలి. అందుకే ఆపి ఆపి కొట్టడం, ఇరవై నాలుగ్గంటలూ వదిలితే అయిపోయినట్టే. మొక్కల వేళ్లు కంకర బిగుసుకుపోకుండా చూస్తాయి, కొంచెం నత్రజని కూడా లాగుతాయి, అంతవరకే. మాకు మెట్టతామర, వట్టివేరు వేశారు, ఎర్ర పూలు, పసుపు పూలు, చూడ్డానికి మాత్రం సూపర్.

దోమలొస్తాయని ఎదురింటి ఆంటీ ఎంత గొడవ చేశారో. పైన నీళ్లు నిలబడవండీ, కంకర కిందే పోతాయి, కాబట్టి దోమలకి చోటుండదు. పైన నీళ్లు కనబడ్డాయంటే బెడ్ మూసుకుపోయిందని అర్థం, మాకు అదే జరిగింది. కంపెనీ వాళ్లు కంకర కడక్కుండా క్రషర్ డస్ట్‌తో సహా పోసేశారు! మా తోటమాలి, అనంతపురం ఆయన, పారతో తవ్వి చూపించి "ఇది కడిగిన కంకర కాదు సార్, బురద" అన్నాడు. ఫోన్ చేస్తే రేపు మాపు అంటూ తిప్పారు, చివరికి పైపొర తీసి మార్చారు, ఆ రోజుల్లో రెండో బెడ్ ఉంది కాబట్టి బతికిపోయాం. రెండు బెడ్లు లేకుండా ఎవరూ కట్టించుకోకండి ప్లీజ్, ఒకటి నడుస్తుంటే ఒకటి ఆరాలి.

"జీరో మెయింటెనెన్స్" అని బ్రోషర్‌లో ఉంటుంది, పచ్చి అబద్ధం. కిచెన్ నూనె జిడ్డు ఆపే ట్రాప్ వారం వారం తీయాలి, సెప్టిక్ ట్యాంక్ అడుగున పేరుకున్న స్లడ్జ్ (బురద) టైంకి లాగించాలి, పెరిగిన మెట్టతామర కొట్టేయాలి. ఇవి మానేస్తే బెడ్ పని అంతే. అయినా పాత బ్లోవర్‌తో పోలిస్తే హాయి, పంపు ఒక్కటే కరెంటు తింటుంది, పెద్ద ఆపరేటర్ అక్కర్లేదు.

నీళ్ల సంగతికొస్తే ల్యాబ్ రిపోర్ట్‌లో బీఓడీ (నీళ్లలో ఇంకా ఎంత కుళ్లే మురికి మిగిలిందో చెప్పే లెక్క) లీటరుకి 10 మిల్లీగ్రాముల లోపే వచ్చింది, వాసన లేదు, రంగు మాత్రం లేత టీలా ఉంటుంది, చూసి భయపడకండి. కానీ రోగాల క్రిములు బెడ్‌తో పూర్తిగా పోవు, ఇది కంపెనీ వాళ్లు గట్టిగా చెప్పరు. క్లోరిన్ గానీ యూవీ గానీ పెట్టాకే ఫ్లష్‌కి వాడండి, పెట్టకపోతే చెట్లకి మాత్రమే. ఎండాకాలం కొంత నీరు ఆవిరైపోతుంది, అది కూడా లెక్కలో పెట్టుకోండి. 2024 మార్చిలో ఊరంతా ట్యాంకర్ల కోసం కొట్టుకున్నప్పుడు మేం తోటకి, ఫ్లష్‌కి ఈ నీళ్లే వాడాం.

ఒక స్టార్ తగ్గించింది కంకర గొడవకి, సర్వీస్‌కి. కట్టించుకునేవాళ్లు అగ్రిమెంట్‌లో కడిగిన కంకర, రెండు బెడ్లు, ఏడాది సర్వీస్ రాయించుకోండి. వెట్‌ల్యాండ్ ఎలా ఉంటుందో ముందు చూడాలంటే జక్కూరు చెరువు దగ్గరకి వెళ్లండి, అక్కడ ప్లాంటులో శుద్ధైన మురుగు నీళ్లు జమ్ము, గుర్రపుడెక్క మధ్య నుంచి పోయి చెరువులో కలుస్తాయి. మాది కంకర కిందే పోయే రకం, అక్కడ నీళ్లు పైనే కనబడతాయి, అంతే తేడా.