చ్వాన్‌జౌ పాత ఊరు: గుడి లోపల కంటే గుడి ముందే ఎక్కువసేపు ఉండండి

రేటింగ్: అయిదుకి నాలుగు. తగ్గిన ఆ ఒక్కటీ పశ్చిమ వీధి రద్దీకి.

చైనా ఫుజియన్ ప్రావిన్స్‌లోని ఈ రేవు పట్నం మలేషియా, సింగపూర్, ఫిలిప్పీన్స్‌లో స్థిరపడ్డ చైనీయుల్లో ఎంతోమందికి పూర్వీకుల ఊరు. 2021లో ఇక్కడి 22 చోట్లకి యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆ జాబితా చేతబట్టుకుని ఒక్కోదానికి టిక్కు పెట్టుకుంటూ తిరిగితే మాత్రం ఊరు అందదు. దీని అసలు సంపద ఆరుబయటే ఉంది, పైగా ఉచితం.

మొదట టూమన్ వీధికి వెళ్ళండి. గ్వాన్ యూ, యుయె ఫేయ్ అనే ఇద్దరు వీరులు కొలువున్న గుడి అక్కడుంది. నాలుగడుగులు వేస్తే 1009 నాటి రాతి మసీదు. గుడి ముందు అగరుపొగ కళ్ళు మండిస్తుంది, కాబట్టి గాలి వచ్చేవైపు నిలబడండి. ఇక్కడ చూడాల్సింది జనం దేవుణ్ణి ప్రశ్న అడిగే తీరు. మన దగ్గర దేవుడి ముందు చీటీలు వేసినట్టే. అరచేతిలో పట్టే రెండు చంద్రవంక బిళ్ళలు, ఒకవైపు చదును, ఇంకోవైపు ఉబ్బు. మోకరిల్లి పేరు, ఊరు, అడగదలచిన సంగతి చెప్పుకుని నేలమీద వేస్తారు. ఒకటి చదునుగా, ఒకటి ఉబ్బుగా పైకి కనిపిస్తే దేవుడు సరేనన్నట్టు. రెండు చదునులూ పైకి పడితే నవ్వాడని, అంటే ప్రశ్న సరిగ్గా లేదని. రెండు ఉబ్బులూ పైకి వస్తే కాదని. వెదురు గొట్టం ఊపి జోస్యం పుల్ల తీసినా, ఆ పుల్ల తమదేనా అని మళ్ళీ బిళ్ళలు వేసి అడుగుతారు. చాలామంది వరసగా మూడుసార్లు సరే పడితేనే నమ్ముతారు. ఎదురుగా నిలబడి ఫొటోలు తీయకండి. వాళ్ళు వాళ్ళ కష్టాలు చెప్పుకుంటున్నారు.

కైయువాన్ గుడికి ప్రవేశం ఉచితం. ఇరువైపులా ఉన్న రెండు రాతి గోపురాల దగ్గర ఆగిపోయి వెనక్కి తిరిగేవాళ్ళే ఎక్కువ. ప్రధాన మందిరం చుట్టూ తిరిగి వెనక వరండాకి వెళ్ళండి. పదహారు పలకల రాతిస్తంభాలు రెండున్నాయి, కూలిపోయిన హిందూ ఆలయం నుంచి తెచ్చి పెట్టినవి. నరసింహుడు, గజేంద్ర మోక్షం, మద్దిచెట్లు కూల్చిన కృష్ణుడు, అన్నీ చిన్న గుండ్రటి చట్రాల్లో ఉంటాయి. వెలుతురు పక్కనుంచి పడేటప్పుడు చూస్తే చెక్కడం బాగా తేలుతుంది. మార్కో పోలో ఓడెక్కిన రేవు ఇదే. ఆయన రాతల్లోని ముత్‌ఫిలి ఆంధ్ర తీరంలోని మన పాత రేవు మోటుపల్లి. రెండు తీరాల మధ్య సముద్రం ఎంత చనువైనదో ఈ వరండాలో తెలుస్తుంది. చాంద్రమాన నెలలో 26వ రోజున ఊరి పెద్దవాళ్ళు గుంపులుగా పూజకొస్తారు. జనాన్ని చూడాలంటే ఆ రోజు, స్తంభాలు చూడాలంటే వేరే రోజు.

సాయంత్రం కన్ఫ్యూషియస్ ఆలయ ప్రాంగణం వైపు వెళితే నాన్‌యిన్ అనే ఇక్కడి పాత సంగీతం వినబడవచ్చు. పిపా అనే తీగల వాద్యాన్ని ఒడిలో అడ్డంగా పట్టుకుని మీటుతారు, పాడేవాళ్ళు చెక్క తాళం వేస్తారు. లయ చాలా నెమ్మది. అయిదు నిమిషాల్లో లేచిపోతే ఏమీ అందదు, కనీసం అరగంట కూర్చోండి.

పశ్చిమ వీధిలో వారాంతం మధ్యాహ్నాలు నడవడమే కష్టం. తలనిండా పూలు చుట్టించుకుని ఫొటోలు దిగేవాళ్ళు దారి ఆపేస్తారు. చప్పుడు లేని ఎలక్ట్రిక్ బండ్లు వెనకనుంచి వస్తాయి, పక్కకి జరిగేముందు తిరిగి చూడండి. ఉదయాన్నే వెళితే ఇదే వీధిలో ముసలివాళ్ళు గుమ్మం ముందు బుల్లి కప్పుల్లో టీ పోసుకుంటూ కనిపిస్తారు. శాకాహారులు సేమియా జావ జోలికి పోవద్దు, రసంలో మాంసమో చేపలో ఉంటాయి. సముద్రపు నాచుతో చేసే చల్లటి జెల్లీ తినొచ్చు.

దగ్గర్లోని షియామెన్ నగరం నుంచి వేగరైలులో గంటలోపే వచ్చేయొచ్చు. యూపీఐ పనిచేయదు. ఇంటి దగ్గరుండగానే చైనా చెల్లింపుల యాప్ అలీపేలో వీసా లేదా మాస్టర్‌కార్డ్ కలిపి, పాస్‌పోర్ట్ ధ్రువీకరణ పూర్తిచేసుకోండి. అక్కడికెళ్ళాక ఓటీపీ రాకపోతే జెల్లీ కొనడానికి కూడా తిప్పలే.