సోషల్ సెక్యూరిటీనా, 401-కెనా: ముసలితనానికి ఏది మేలు?

అమెరికాలో ఉద్యోగం చేసేవారి జీతం చీటీ, అంటే పే స్టబ్‌లో రెండు కోతలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి సర్కారు నడిపే పింఛను పథకం సోషల్ సెక్యూరిటీకి కట్టే పన్ను, జీతంలో 6.2 శాతం. కంపెనీ కూడా అంతే కడుతుంది, రెండూ కలిపి 12.4. ఇది వద్దనే వీలు లేదు. రెండోది 401-కె, అంటే కంపెనీ ద్వారా రిటైర్మెంట్ కోసం సొంత పేరున దాచుకునే ఖాతా. ఎంత వేయాలో, అసలు వేయాలో వద్దో మన ఇష్టం. ముసలితనం బాధ్యత సర్కారుదా, ఎవరిది వారిదేనా అని, సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చిన 1935 నుంచి ఆ దేశంలో నడుస్తున్న తగువంతా ఈ రెండు కోతల్లోనే ఉంది.

"ఆ 12.4 శాతం నా చేతికే ఇస్తే ఇండెక్స్ ఫండ్‌లో పెట్టుకుంటాను, ఎక్కువే వస్తుంది" అనే మాట తరచూ వింటాం. ఇండెక్స్ ఫండ్ అంటే షేర్ మార్కెట్ సూచీని అనుసరించే ఫండ్. మంచి జీతగాడి విషయంలో అది చాలావరకు నిజమే. 2005లో అధ్యక్షుడు బుష్ జీతంలో 4 శాతం మేర పన్నును సొంత ఖాతాలకు మళ్లించుకోనివ్వాలని ప్రతిపాదించారు. అది కాంగ్రెస్‌లో ఓటింగ్ దాకా కూడా రాలేదు. మూడేళ్లకే, 2008లో, అమెరికా పెద్ద కంపెనీల షేర్ల సూచీ ఎస్ అండ్ పి 500 డివిడెండ్లు కలుపుకున్నా 37 శాతం పడిపోయింది. ఆ ఏడాది రిటైరైనవాళ్లకు మార్కెట్ కోలుకునేదాకా ఆగే వెసులుబాటు లేదు. వాళ్ల సోషల్ సెక్యూరిటీ చెక్కు మాత్రం ఒక్క డాలరు కూడా తగ్గలేదు.

సోషల్ సెక్యూరిటీ లెక్క కట్టే తీరు తెలిస్తే ఇది పొదుపు పథకం కాదని అర్థమవుతుంది. దేశంలో సగటు జీతాల పెరుగుదలకు తగ్గట్టు సర్దిన జీతాల్లోంచి, ఎక్కువ వచ్చిన 35 ఏళ్లవి తీసుకుని నెలసరి సగటు కడతారు. 2025 లెక్క ప్రకారం ఆ సగటులో మొదటి 1,226 డాలర్లకు 90 శాతం, అక్కడి నుంచి 7,391 దాకా 32 శాతం, ఆ పైదానికి 15 శాతం ఇస్తారు. సగటు 1,500 ఉన్నవాళ్లకు సుమారు 1,191 డాలర్లు, అంటే 79 శాతం వస్తుంది. 5,000 ఉంటే 2,311, అంటే 46 శాతం. 12,000 ఉన్నవాళ్లకు 3,768, అంటే 31 శాతమే. చిన్న జీతాల వాళ్లకు ఇంత అండ ఏ సొంత ఖాతా ఇవ్వదు. పైగా ఈ పింఛను ధరలతో పాటు ఏటా పెరుగుతుంది, ఎన్నేళ్లు బతికితే అన్నేళ్లు వస్తుంది. 1960లోనూ ఆ తర్వాతా పుట్టినవాళ్లకు 67 ఏళ్లకు పూర్తి మొత్తం. 62కే తీసుకుంటే 70 శాతం, 70 దాకా ఆగితే 124 శాతం.

అయితే ఆ సొమ్ము మన ఆస్తి కాదు. బల్గేరియా నుంచి వలస వచ్చిన ఎఫ్రామ్ నెస్టర్ ఏళ్ల తరబడి పన్ను కట్టి 1955లో నెలకు 55.60 డాలర్ల పింఛను మొదలుపెట్టాడు. 1930లలో కమ్యూనిస్టు పార్టీలో ఉన్నాడని 1956లో దేశం నుంచి పంపేసి, పింఛను ఆపేశారు. 1960లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ నిర్ణయాన్ని సమర్థించింది. కట్టిన పన్ను మీద ఆస్తి హక్కు లాంటిది లేదని, కాంగ్రెస్ చట్టం మార్చుకోవచ్చని తేల్చింది. సోషల్ సెక్యూరిటీ నిధులను చూసే ట్రస్టీల 2025 నివేదిక ప్రకారం వృద్ధాప్య పింఛన్ల నిధి 2033లో అడుగంటుతుంది. అప్పటికీ చట్టం మారకపోతే వచ్చే పన్నులతో 77 శాతం పింఛనే ఇవ్వగలరు. 2025లో జీతంలో 1,76,100 డాలర్లు దాటిన భాగం మీద ఈ పన్నే లేదు. పింఛన్లు కోసే ముందు ఆ పరిమితిని ఎత్తడమే న్యాయమని నా అభిప్రాయం.

ఇక 401-కె. 2025లో 23,500 డాలర్ల దాకా వేసే వీలుండేది. మనం వేసినదానికి తోడుగా కంపెనీ వేసే సొమ్మును మ్యాచ్ అంటారు, దాన్ని వదులుకోవడమంటే జీతంలో కొంత వదులుకోవడమే. కానీ ఆ మ్యాచ్ వెంటనే మన సొంతమవుతుందని అనుకోకండి. కొన్ని కంపెనీల్లో మూడేళ్లు నిండకముందే మానేస్తే ఒక్క డాలరూ రాదు, కొన్నిచోట్ల ఆరేళ్లలో విడతలుగా సొంతమవుతుంది. ఫండ్ ఫీజు కూడా చిన్నదిగానే కనిపిస్తుంది. నెలకు 500 చొప్పున 30 ఏళ్లు, 7 శాతం రాబడితో వేస్తే సుమారు 6,10,000 డాలర్లు. ఫీజుకు ఒక శాతం పోయి 6 శాతమే మిగిలితే 5,02,000. అన్నిటికన్నా ఎక్కువమంది దెబ్బతినేది ఉద్యోగం పోయినప్పుడు. చేతిలో డబ్బు లేక 30,000 తీసేస్తారు. 55 ఏళ్లు వచ్చే ఏడాదికి ముందే ఉద్యోగం పోయి, 59న్నర ఏళ్లు నిండకపోతే 3,000 జరిమానా, 22 శాతం శ్లాబులో ఉంటే 6,600 పన్ను, చేతికి 20,400. తీయక తప్పనంత అవసరం లేకపోతే చెక్కు మన పేరున తీసుకోకుండా నేరుగా ఐఆర్‌ఏ అనే సొంత రిటైర్మెంట్ ఖాతాకు బదిలీ చేయించాలి. మన పేరున తీసుకుంటే 20 శాతం అక్కడికక్కడే పట్టుకుంటారు. 2001లో దివాలా తీసిన ఎన్రాన్ కంపెనీ ఉద్యోగులు చాలామంది తమ 401-కెలో ఎక్కువ భాగం సొంత కంపెనీ షేర్లలోనే ఉంచుకున్నారు. జీతం, పొదుపు రెండూ ఒకేసారి పోయాయి.

ఖాతాలో ఎంతున్నా అది బీమా కాదు. చిన్న పిల్లలున్న తల్లి లేదా తండ్రి చనిపోతే, చివరి మూడేళ్లలో ఏడాదిన్నర పని చేసి ఉన్నా, పిల్లలకు 18 ఏళ్లు వచ్చేదాకా సోషల్ సెక్యూరిటీ నుంచి నెలనెలా డబ్బు వస్తుంది. ముప్పైల్లో ఉన్నవాళ్ల 401-కెలో అంత నిల్వ ఎక్కడుంటుంది?

అందుకే పునాదికి సోషల్ సెక్యూరిటీయే మేలు, దాని మీద కట్టుకునే అంతస్తుకు 401-కె మేలు అంటాను. హెచ్-1బి వీసా మీద వెళ్లిన మనవాళ్ల దగ్గర మాత్రం ఈ లెక్క తిరగబడొచ్చు. పింఛనుకు 40 క్రెడిట్లు, అంటే సంపాదనను బట్టి ఏడాదికి నాలుగు దాకా పడే పాయింట్లు, కావాలి. భారత్‌తో రెండు దేశాల్లోని పనిని కలిపి లెక్కించే సామాజిక భద్రత ఒప్పందం లేదు కనుక 38 క్రెడిట్లతో ఇంటికి వచ్చేస్తే కట్టిందంతా పోయినట్టే. 401-కె అలా కాదు, మనం వేసింది ఎక్కడికి వెళ్లినా మనదే. 40 నిండితే కథ వేరు. ఏడాదికి లక్ష డాలర్ల లెక్కన పదేళ్లే పని చేసినా, 35 ఏళ్లకు పంచితే సగటు 2,381 వస్తుంది, పింఛను నెలకు సుమారు 1,473 డాలర్లు. ఇండియాలో ఉండి తీసుకునే భారత పౌరులకు అందులో 25.5 శాతం పన్ను పట్టుకుంటారు. అది పోయినా వచ్చేది తక్కువేమీ కాదు. క్రెడిట్లు నెలలను బట్టి కాదు, క్యాలెండర్ ఏడాది సంపాదనను బట్టి. 2025లో 7,240 డాలర్లు సంపాదిస్తే ఆ ఏటి నాలుగూ వచ్చేసేవి. కాబట్టి డిసెంబరులో టికెట్ కొనేసే ముందు సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైట్‌లో మీ ఖాతా తెరిచి, ఎన్ని క్రెడిట్లు పడ్డాయో చూసుకోండి. 36 ఉంటే, వచ్చే జనవరి, ఫిబ్రవరి జీతాలతోనే మిగతా నాలుగింటికి సరిపడా సంపాదన అయిపోవచ్చు.