ఓక్ పుస్తకాల బీరువా కోసం వెళ్ళిన కలప అడితి

విజయవాడ నుంచి ఓడలో తెప్పించుకున్న తెలుగు పుస్తకాలు మూడేళ్ళుగా మా ఇంట్లో అట్టపెట్టెల్లోనే మగ్గుతుండగా, ఉద్యోగ విరమణ తరువాత గ్యారేజీలో వడ్రంగం నేర్చుకున్న నేను ఈ శీతాకాలంలో వాటికి ఓక్‌తో ఒక బీరువా చేయడానికి పూనుకున్నాను. అందుకు కావలసిన కలపను అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, హోమ్స్ కౌంటీలో ఒక ఆమిష్ కుటుంబం (ఆధునిక సౌకర్యాలకు దూరంగా బతికే క్రైస్తవ వర్గం వారు) నడిపే అడితిలో కొన్నాను. కొలంబస్ శివార్లలోని మా ఇంటి నుంచి అక్కడికి సుమారు రెండు గంటల ప్రయాణం.

అంత దూరం వెళ్ళడానికి కారణం ధర ఒక్కటే కాదు. ఊళ్ళోని పెద్ద దుకాణంలో ప్లాస్టిక్ చుట్టి అమ్మే ఓక్ పలకతో పోలిస్తే ఇక్కడ నాకు సగం ధరే పడిన మాట నిజమే అయినా, అంతకంటే ముఖ్యమైనది మనం కోరుకున్న పలకను మనమే దొంతరలోంచి తీసుకోనివ్వడం. పక్కపలకలు రెండింటికీ నార ఒకే తీరుగా ఉండాలని నేను గంటన్నరసేపు పలకలు తిరగేస్తున్నా ఎవరూ విసుక్కోలేదు. బట్టీలో ఆరబెట్టిన కలప కావడంతో, నేను తీసుకెళ్ళిన తేమ మీటరు ఏ పలకకు గుచ్చినా 7 శాతానికి అటూ ఇటూగానే చూపించింది.

ఎర్ర ఓక్ తీసుకోవాలా, తెల్ల ఓక్ తీసుకోవాలా అని నేను తటపటాయిస్తుంటే యజమాని, పెద్దాయన, ఏమీ చెప్పకుండా జానెడు ఎర్ర ఓక్ ముక్క ఒకదాని కొసను సబ్బునీళ్ళలో ముంచి, రెండో కొసను నోటితో ఊదమన్నారు. ఊదితే నీళ్ళలో బుడగలు లేచాయి. తెల్ల ఓక్ ముక్కను ఎంత గట్టిగా ఊదినా నా చెవులు దిబ్బడపడ్డాయే తప్ప బుడగ రాలేదు. దాని చేవలోని గొట్టాలు సహజంగానే పూడుకుపోయి ఉంటాయి కాబట్టే పీపాలకు తెల్ల ఓక్‌నే వాడతారు. నీళ్ళతో పని లేని పుస్తకాలకు ఎర్రది చాలని ఆయనే తేల్చి, ఖరీదైన సరుకు నాకు అంటగట్టకుండా పంపారు. బీరువా వెడల్పు 36 అంగుళాలు అనుకుని వెళ్ళిన నన్ను 30కి తగ్గించమన్నదీ ఆయనే. ముప్పావు అంగుళం మందం గల అరను 30 నుంచి 36 అంగుళాలకు పెంచితే, అడుగుకు అవే పుస్తకాలు పెట్టినా, వంపు రెట్టింపు దాటుతుంది. నిఘంటువుల బరువు ఎత్తి చూసిన వారికి ఆ సలహా విలువ తెలుస్తుంది.

నా ఫిర్యాదు చిత్రిక పని గురించి. డీజిల్ ఇంజిన్‌తో నడిచే వారి యంత్రంలో పలకలకు చిత్రిక పట్టించుకున్నాను. యంత్రంలోకి వెళ్ళేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ పలకను ఒక్క రోలరే పట్టుకుని ఉంటుంది కాబట్టి, చివర కాస్త పైకి లేచి బ్లేడు లోతుగా దిగుతుంది. ఇంటికి వచ్చి మూలమట్టం ఆనించి చూస్తే ప్రతి పలకకూ రెండు కొసల్లోనూ మూడేసి అంగుళాల మేర పల్లం కనిపించింది. 84 అంగుళాల ఎత్తు కోసం 86 అంగుళాలకు కోయించుకున్న పక్కపలకల్లో బాగున్న భాగం 80 అంగుళాలే మిగిలింది. అదనంగా ఎంత పొడవు ఉంచుకోవాలో కోసే ముందు ఒక్క మాట చెప్పి ఉండవలసింది. మరుసటి వారం వెళ్ళి చూపిస్తే, పెద్దాయన పల్లం మీద బొటనవేలు రాసి చూసి, తప్పు ఒప్పుకుని, కొత్త పలకలు సగం ధరకు ఇస్తామన్నారు. ఉచితంగా ఇవ్వడమే న్యాయమని నాకనిపించింది. బేరం మాని బీరువానే 80 అంగుళాలకు కుదించుకున్నాను.

మరొక నష్టం మాత్రం పూర్తిగా నా స్వయంకృతం. ఓక్‌లోని టానిన్ అనే వగరు పదార్థానికి తడి, ఇనుము తగిలితే కలప నల్లబడుతుందనీ, ఇత్తడి మరలే వాడాలనీ ఆయన చెప్పనే చెప్పారు. మరల విషయంలో జాగ్రత్తపడిన నేను, ఉప్పుకాగితం పని అయ్యాక నునుపు కోసం ఉక్కు పీచుతో రుద్ది, దానిపై నీటితో కలిపే వార్నిష్ పూశాను. నారలో ఇరుక్కున్న ఉక్కు పొడి తెల్లవారేసరికి పై అర నిండా ఆవాలు చల్లినట్టు నల్ల చుక్కలు తేల్చింది. వార్నిష్ అంతా గీకి, ఆక్సాలిక్ ఆమ్లంతో తుడిచి, కడిగి ఆరబెట్టేసరికి నాలుగు రోజులు పట్టింది. టేకుతో ఇటువంటి చిక్కు నేనెన్నడూ ఎరుగను.

కలపకు, సలహాకు ఐదుకు ఐదు, చిత్రికకు రెండు. సొంతంగా చిత్రిక యంత్రం ఉన్నవారు నిశ్చింతగా వెళ్ళి గరుకు పలకలే తెచ్చుకోవచ్చు. లేనివారు ప్రతి పలకకూ కనీసం ఎనిమిది అంగుళాలు అదనంగా కోయించుకోవాలి. ఆదివారం అడితి మూసి ఉంటుంది. కార్డులు తీసుకోరు కాబట్టి నగదుగానీ చెక్కు పుస్తకంగానీ వెంట ఉండాలి.