వాంకూవర్‌ను పైనుంచి చూడాలంటే వెళ్ళిన మర్నాడే చూడండి

కెనడాలోని వాంకూవర్ వెళ్ళేవాళ్ళు చాలామంది సీప్లేన్‌ను, అంటే నీళ్ళ మీంచి లేచి నీళ్ళ మీదే దిగే విమానాన్ని, ఆఖరి రోజుకు అట్టేపెట్టుకుంటారు. ఊరంతా తిరిగేశాక, బయల్దేరే ముందు పైనుంచి ఒకసారి చూసొద్దామని. నన్నెవరైనా అడిగితే మాత్రం, జెట్‌లాగ్ తీరీ తీరకముందే, ఆకాశం తేటగా ఉన్న మొదటి పూటే ఎక్కేయమంటాను. ఆ 20 నిమిషాల్లో చూసింది తర్వాత ఊళ్ళో వేసే ప్రతి అడుగుకీ పనికొస్తుంది.

ఆ ఊరు కింద నుంచి ఓ పట్టాన అర్థం కాదు. ఎటు నడిచినా ఏదో ఒక నీరు ఎదురొస్తుంది. ఉత్తరాన బరార్డ్ ఇన్‌లెట్, దక్షిణాన ఫాల్స్ క్రీక్, పడమర ఇంగ్లిష్ బే. ఈ మూడింటి మధ్యకు చొచ్చుకొచ్చిన నేల మీద డౌన్‌టౌన్ ఉంది. దాని కొసన 400 హెక్టార్లకు పైబడిన స్టాన్లీ పార్క్ అడవి. మ్యాప్‌లో తెలిసినట్టే ఉంటుంది కానీ, రెండు వీధులు తిరిగేసరికి మన ముందున్నది ఏ నీరో తేల్చుకోలేం. గాల్లోకి లేచాక ఆ తికమకంతా పోయింది. సాయంత్రం నడుస్తుంటే అమ్మే మాకు దారి చెప్పడం మొదలుపెట్టింది: "ఆ గుండ్రటి అద్దాల బిల్డింగ్ ఎడమ చేతి వైపు కదా, ఇటెందుకు తీసుకెళ్తున్నావు నాన్నా?" ఆవిడ చెప్పింది సైన్స్ వరల్డ్ గురించి, ఫాల్స్ క్రీక్ తూర్పు కొసన ఉంటుంది. చెప్పిన దిక్కు సరైనదే.

విమానాలు లేచేది కోల్ హార్బర్‌లో, కన్వెన్షన్ సెంటర్ పడమటి భవనం పక్కనే నీళ్ళ మీద కట్టిన టెర్మినల్ నుంచి. పెద్ద ఎయిర్‌పోర్ట్ నుంచి కెనడా లైన్ రైలెక్కితే అరగంట లోపే వాటర్‌ఫ్రంట్ స్టేషన్, అక్కణ్ణుంచి కాస్త నడక. టికెట్ తీసుకునేటప్పుడు ఒక్కటి చూసుకోండి. పెద్ద ఎయిర్‌పోర్ట్ దక్షిణం వైపు, ఫ్రేజర్ నది పాయ మీద కూడా ఒక సీప్లేన్ రేవు ఉంది. రెండింటికీ మధ్య బోలెడు దూరం. హార్బర్‌లో లేచే, దిగే విమానాలకు అనుమతులిచ్చే కంట్రోల్ టవర్ గ్రాన్‌విల్ స్క్వేర్ అనే ఆఫీసు భవనం నెత్తిన, నేల నుంచి 142 మీటర్ల ఎత్తున ఉంది. ప్రపంచంలోకెల్లా ఎత్తైన చోట ఉన్న కంట్రోల్ టవర్‌గా దానికి పేరు. డాక్ మీద నిలబడి తలెత్తితే కనిపిస్తుంది.

అక్కడ ఎక్కువగా కనిపించేవి హార్బర్ ఎయిర్ విమానాలు. 1982లో మొదలైన సంస్థ అది, మొత్తం సీప్లేన్లే నడుపుతుంది. 2019 డిసెంబర్ 10న పూర్తిగా బ్యాటరీతో నడిచే బీవర్ విమానాన్ని వాంకూవర్‌కు దక్షిణాన ఆనుకున్న రిచ్‌మండ్‌లోని నది మీంచి లేపి చూపించింది కూడా వీళ్ళే. మామూలు సర్వీసుల్లో మాత్రం ఇంకా ఇంధనంతో నడిచేవే, ఎక్కువగా బీవర్లూ, ఆటర్లూ. రెండూ డి హావిలాండ్ కెనడా కంపెనీ తయారీ. బీవర్ మొదటిసారి ఎగిరింది 1947లో, ఆటర్ 1951లో. అంత పాతవా అని టెన్షన్ పడక్కర్లేదు. శరీరం పాతదైనా ఆటర్లకు పాత ఇంజన్ తీసేసి టర్బైన్ బిగించారు. 2024 నవంబర్ 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి ముఖ్యమంత్రి ప్రయాణించిన ప్రయోగాత్మక సీప్లేన్ కూడా ఈ డి హావిలాండ్‌దే. కృష్ణ మీద దాన్ని టీవీలో చూసినప్పటి నుంచే అమ్మకు ఈ ముచ్చట పట్టుకుంది.

ముచ్చట సరే, టెర్మినల్‌లో నడుముకు కట్టుకోమని చిన్న సంచీ చేతికిచ్చేసరికి ఆవిడ ముఖం మారింది. అందులో మడిచిన లైఫ్ జాకెట్ ఉంటుంది. విమానం దిగేదాకా నడుముకే ఉండాలి, విప్పకూడదు. దీని వెనక ఒక విషాదం ఉంది. 2009 నవంబర్‌లో సటర్నా దీవి దగ్గర ఒక బీవర్ లేచిన వెంటనే నీళ్ళలో పడింది. పైలట్, ఒక ప్రయాణికురాలు బయటపడ్డారు, ఆరుగురు లోపలే చిక్కుకుని చనిపోయారు. జాకెట్లు తొడుక్కునే ఉండాలనీ, తలుపులు తేలిగ్గా ఊడొచ్చేలా మార్చాలనీ దర్యాప్తు బోర్డు సిఫారసు చేసింది. కొన్నేళ్ళకు జాకెట్ నిబంధన వచ్చింది. 2024 జూన్‌లో ఇదే కోల్ హార్బర్‌లో లేవబోతున్న ఒక సీప్లేన్ పడవను ఢీకొని కొందరికి గాయాలయ్యాయి. ఇవన్నీ తెలిసే ఎక్కాలని నా అభిప్రాయం. ఎక్కే ముందు చూపించే వీడియోలో చెప్పే మాటల్లో ఒకటి గట్టిగా గుర్తుంచుకోండి: జాకెట్‌లో గాలి నింపాల్సింది విమానం బయటికి వచ్చాకే. లోపలే నింపితే నీళ్ళు నిండిన క్యాబిన్‌లో పైకి తేలి కప్పుకు అతుక్కుపోతాం, తలుపు దాకా మునిగి రాలేం. ఈ సంగతి నేను అమ్మకు తెలుగులో ఒకటికి రెండుసార్లు చెప్పాను. సిబ్బంది కూడా తొందరపెట్టకుండా ఆగారు. వాళ్ళ సర్వీసులో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

సెక్యూరిటీ స్కానర్ల క్యూ లేదు. బరువు అడుగుతారు, మొహమాటపడకుండా నిజం చెప్పాలి. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో దాన్ని బట్టే చూసుకుంటారు. మా వంతు కోసం ఆగినంతసేపూ పక్క డాక్ మీద ఒక కుర్రాడు చేస్తున్న పని చూస్తూ ఉండిపోయాను. సీప్లేన్ కింద చక్రాల బదులు ఉండే పొడుగాటి ఫ్లోట్లు ఒకే గుల్ల కావు, లోపల విడివిడి గదులు. ఒక గదికి చిల్లు పడినా మిగతావి తేలుస్తాయి. ఎంత బిగువుగా చేసినా కాస్త నీరు ఊరుతూనే ఉంటుంది. ఆ కుర్రాడు ఫ్లోట్ మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో రంధ్రం మీది రబ్బరు బిరడా తీసి, చేతి పంపు దించి, నీరు రావడం ఆగేదాకా లాగి, మళ్ళీ బిరడా బిగించి తర్వాతి దానికి జరుగుతున్నాడు. ఒక్కటి కూడా వదల్లేదు. అమ్మ భయం సగం అక్కడే తగ్గింది.

ఎక్కడం పెద్దవాళ్ళకు కొంచెం కష్టమే, ముందే చెప్తున్నాను. డాక్ మీంచి ఫ్లోట్ మీదికి ఒక అడుగు, అక్కణ్ణుంచి ఇరుకైన నిచ్చెన. పైన తల వంచుకునే వెళ్ళాలి. చెయ్యి అందించేవాళ్ళు ఉంటారు కానీ మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు బుక్ చేసేటప్పుడే చెప్పడం మంచిది. చీర కంటే పంజాబీ డ్రెస్సో, ప్యాంటో నయం. తడి డాక్ మీద జారని చెప్పులు తప్పనిసరి. ఆటర్‌కు పైలట్ ఒక్కరే కాబట్టి ఆయన పక్క సీట్లో ప్రయాణికుణ్ణి కూర్చోనిస్తారు. అడిగితే పోయేదేం లేదు.

చక్రాలూ లేవు, బ్రేకులూ లేవు. తాడు విప్పిన క్షణం నుంచీ గాలీ అలలూ ఎటు తోస్తే అటు కదులుతుంది విమానం. రేవు మధ్యకు చేరేదాకా ఫ్లోట్ల వెనకున్న చిన్న చుక్కానులతో మెల్లగా తిప్పుకుంటూ వెళ్ళి, అక్కడ వాటిని పైకెత్తేశారు. ఇంజన్ హోరెత్తింది. ముందు ముక్కు లేచింది, కిటికీ నిండా తుంపర. తర్వాత ముక్కు మళ్ళీ కిందికి దిగింది. ఫ్లోట్లు నీటిని చీల్చుకుంటూ పోవడం మాని నీటి మీదికెక్కి జారడం మొదలైందన్నమాట. అప్పుడే వేగం అందుకుంటుంది. కాళ్ళ కింద దడదడ ఎక్కువై, ఎక్కువై, ఒక్కసారిగా ఆగిపోయింది. లేచామని కిటికీలోంచి చూడకుండానే తెలిసింది.

గాలి పడమటి నుంచి వీస్తుండటంతో మమ్మల్ని స్టాన్లీ పార్క్ వైపు లేపారు. 1938లో తెరిచిన లయన్స్ గేట్ వంతెన మీద కార్లు ఒకదాని వెనక ఒకటి కదలడం కనిపించింది. కుడి వైపు నార్త్ వాంకూవర్ ఒడ్డున పసుప్పచ్చగా మెరిసిపోతున్న గుట్ట ఒకటి. "దుగ్గిరాల యార్డులో పసుపు రాశి పోసినట్టుంది" అంది అమ్మ. అది ఎగుమతికి తెచ్చి పోసిన గంధకం. సహజ వాయువును శుద్ధి చేసేటప్పుడు బయటికొచ్చే గంధకాన్ని రైళ్ళలో ఇక్కడికి తెచ్చి ఓడలకెక్కిస్తారు. దాని వెనకే అడవి కప్పుకున్న కొండలు నిటారుగా లేస్తాయి. రేవు, పరిశ్రమ, అపార్ట్‌మెంట్లు, అడవి ఇంత ఇరుకున ఒకే చూపులో పట్టే ఊరు నేనింకోటి చూడలేదు.

ఇంగ్లిష్ బే మీదికి రాగానే లంగరేసిన సరుకు ఓడలు. ఒడ్డు నుంచి చూసినప్పుడు అవి అలంకారానికి పెట్టినట్టుంటాయి. పైనుంచి చూస్తే అన్నిటి ముక్కులూ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. పోటు, గాలి ఎటు తిప్పితే అటు తిరిగి, లోపలి రేవులో చోటు కోసం కాచుకునే ఓడలవి. అక్కణ్ణుంచి యూనివర్సిటీ ఉన్న పాయింట్ గ్రే కొస, దాని అవతల ఫ్రేజర్ నది బురద నీరు సముద్రపు నీలంలో కలిసే చోట గీసిన గీత. ఆ గీతను చూపించడానికి పైలట్ రెక్క కాస్త ఎక్కువే వంచారు. తిరిగొస్తూ ఫాల్స్ క్రీక్, గ్రాన్‌విల్ ఐలండ్, బీసీ ప్లేస్ స్టేడియం తెల్లటి కప్పు చకచకా వెళ్ళిపోయాయి. ఈ భాగాన్ని కాలినడకనే బాగా చూడొచ్చు, పైనుంచి పెద్ద ప్రత్యేకత లేదు.

దిగడం గురించి భయపడేవాళ్ళకు ఒక మాట. పైలట్లకు ఇబ్బంది పెట్టేది చిన్న అలలు కావు, అద్దంలా నిశ్చలంగా ఉన్న నీరు. ఎత్తు ఎంతో కంటికి అందదట. కాస్త గాలి ఉండి నీరు ముడతలు పడితే వాళ్ళకు హాయి. మేం దిగినప్పుడు చిన్న చిన్న అలలున్నాయి. రన్‌వే మీద చక్రం తగిలినప్పటి కుదుపు కూడా లేదు, బర్రుమని రాసుకున్న చప్పుడు, వెంటనే వేగం పడిపోయింది. అంతే.

ఎత్తు నుంచి చూడటానికి ఊళ్ళో వేరే మార్గాలు లేకపోలేదు. డౌన్‌టౌన్‌లో 1977లో తెరిచిన లుకౌట్ టవర్ చవక, వాన రోజు కూడా నడుస్తుంది. కానీ పడమటి వైపు ఎత్తైన భవనాలు అడ్డు. గ్రౌస్ మౌంటెన్ మీదికి కేబుల్ కారులో వెళ్తే సాయంత్రం ఊరంతా కాళ్ళ దగ్గర పరుచుకుంటుంది, పూటంతా గడపొచ్చు. డబ్బు చూసుకోవాల్సిన నలుగురైదుగురి కుటుంబమైతే నేను గ్రౌస్‌కే ఓటేస్తాను. సీప్లేన్ టికెట్ తలకింత కాబట్టి కుటుంబానికి బాగానే బరువవుతుంది. ఒకరిద్దరైతే, ఇంకేదైనా తగ్గించుకునైనా సరే సీప్లేన్ ఎక్కమంటాను.

వాతావరణం సంగతికొస్తే, ఈ విమానాలు కంటితో చూసి నడిపేవి, పగటిపూట మాత్రమే. మబ్బు కిందికి దిగినా, పొగమంచు కమ్మినా ఆగిపోతాయి. జులై, ఆగస్టుల్లో వానలు తక్కువ. అయితే కొన్ని ఏళ్ళలో అడవి మంటల పొగ ఆ నెలల్లోనే ఊరిని కమ్మేస్తుంది. శరదృతువులో పొద్దుటి పొగమంచు, నవంబర్ నుంచి ముసురు. మా ఫ్లైట్ కూడా పొగమంచు వల్ల మొదట వాయిదా పడింది. నేరుగా తీసుకున్న మా టికెట్లను కౌంటర్లో చిటికెలో మార్చేశారు. మాతో పాటు కాచుకున్న ఒక జంట మాత్రం ఏదో మధ్యవర్తి సైట్‌లో కొన్నారట, మార్చుకోవడానికి ఆ సైట్ వాళ్ళ ఫోన్ పట్టుకుని హోల్డ్‌లో పూటంతా గడిపారు. మర్నాటికే వాళ్ళ తిరుగు ప్రయాణం. ఆఖరి రోజుకు పెట్టుకోవద్దని నేను గట్టిగా చెప్పడానికి ఇదో కారణం.

బస కూడా దీన్ని చూసుకునే ఎంచుకోండి. కోల్ హార్బర్ హోటళ్ళు టెర్మినల్‌కు అడుగు దూరం, కానీ ఖరీదు. పొద్దున్నే సీప్లేన్ల హోరు నిద్ర లేపుతుంది. రిచ్‌మండ్ చవక, కెనడా లైన్ ఉంది. అయితే "మంచు విడింది, వచ్చేయండి" అని ఫోనొస్తే గబుక్కున చేరడం కష్టం. నార్త్ వాంకూవర్‌లోని లాన్స్‌డేల్ కీ నాకు చాలా నచ్చింది, సీబస్ అనే ఫెర్రీ ఎక్కితే 12 నిమిషాల్లో ఇవతలి ఒడ్డు. మేం దిగింది వెస్ట్ ఎండ్‌లో, డెన్మన్ వీధి దగ్గర. ఇటు టెర్మినల్, అటు ఇంగ్లిష్ బే రెండూ నడకే. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది అదే పేట. ఒక్కటి మాత్రం: మా హోటల్ వాళ్ళు "వాటర్ వ్యూ" అని అదనంగా డబ్బు తీసుకున్నారు, తీరా చూస్తే రెండు టవర్ల సందులోంచి చారెడు నీరు. ఎన్నో అంతస్తు, ఏ దిక్కు అని అడిగే కట్టండి.

ఫొటోల కోసం ముదురు రంగు చొక్కా వేసుకోండి, లేత రంగైతే కిటికీలో మీ చొక్కాయే పడుతుంది. ఫోన్ కిటికీకి ఆనించకండి, అదురుకు మసకైపోతుంది. రెక్క పైన ఉండే విమానాలు కాబట్టి పక్కకి చూపు బాగా అందుతుంది. సరిగ్గా కిందికి చూడాలంటే మాత్రం ఫ్లోట్ అడ్డొస్తుంది, విమానం వాలే మలుపుల్లో తీయండి.

జలసంధికి అవతల వాంకూవర్ దీవి మీదున్న విక్టోరియా కూడా వెళ్ళే ఆలోచన ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు ఈ ఊరి చుట్టూ తిప్పే ఫ్లైట్ మానేసి, విక్టోరియాకు వెళ్ళే మామూలు సీప్లేన్ సర్వీసే ఎక్కండి. సుమారు 35 నిమిషాల ప్రయాణం, కింద గల్ఫ్ దీవులు, దిగేది ఊరి నడిబొడ్డున ఇన్నర్ హార్బర్‌లో, 1908 నాటి ఎంప్రెస్ హోటల్ ఎదురుగా. వాంకూవర్ మీద తిరిగే సేపు తగ్గుతుంది కానీ చేరాల్సిన చోటుకు చేరతారు. తిరుగు ప్రయాణం విక్టోరియా వైపున్న స్వార్ట్జ్ బే రేవు నుంచి వాంకూవర్ వైపున్న త్వాసెన్ రేవుకు ఓడలో, గంటా ముప్పై అయిదు నిమిషాలు. పెద్ద సూట్‌కేసులు సీప్లేన్‌లో పెట్టుకోలేరు, వాటిని వాంకూవర్ హోటల్ లగేజీ రూమ్‌లో వదిలేసి చిన్న బ్యాగుతో వెళ్ళండి.