మట్టాంచేరి సినగాగ్‌కి వెళ్తే బయటి గది కూడా చూడండి

మాది చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెం. మేం బెనె ఎఫ్రాయిములం, అంటే యూదు మతం పాటించే తెలుగువాళ్ళం. ఊళ్ళో 1991 నుంచి మాకో చిన్న సినగాగ్, అంటే యూదుల గుడి, ఉంది. కొచ్చిలోని మట్టాంచేరిలో ఉన్న పరదేశి సినగాగ్ చూడాలని నాన్నకి ఎప్పటినుంచో కోరిక. ఈసారి తీసుకెళ్ళాను.

శుక్రవారం మధ్యాహ్నం నుంచి, శనివారం, యూదుల పండగలకి సందర్శకుల్ని రానివ్వరు, చూసుకుని వెళ్ళండి. టికెట్ చవకే. చెప్పులు బయట విప్పాలి. పొద్దున్నే వెళ్తే మేలు, తర్వాత బస్సుల్లో జనం దిగుతారు.

1568లో కట్టిన గుడి. నేలంతా చైనా నుంచి తెప్పించిన నీలం, తెలుపు పలకలు, అన్నీ చేత్తో బొమ్మలు వేసినవే. పైన గాజు దీపాలు, మధ్యలో ఇత్తడి కమ్మీల వేదిక. మా పవిత్ర గ్రంథం తోరా చదివేది అక్కడే. నాన్న దాని ముందు నిలబడి లోలోపలే ఏదో చదువుకున్నాడు. వెనకవాళ్ళు సెల్ఫీ కోసం కాస్త జరగమన్నారు, జరిగాడు.

మాకు దొరికిన గైడ్ 1662లో పోర్చుగీసువాళ్ళు చేసిన ధ్వంసం, డచ్చివాళ్ళొచ్చాక మళ్ళీ బాగుచేసుకోవడం గడగడా చెప్పాడు. బయటి గది గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. బానిసల సంతతి అని పేరుపెట్టి కొందరు యూదుల్ని లోపల బెంచీల మీద కూర్చోనిచ్చేవాళ్ళు కాదు, బయటి గదిలోనే ఉంచేవాళ్ళు. ఆ కుటుంబాల నుంచి వచ్చిన లాయరు ఎ.బి. సేలం గుడిలోనే సత్యాగ్రహం చేశాడు. ఇది అడిగితే, “పాత సంగతులు సార్” అని దీపాల దగ్గరికి నడిచాడు. మాదిగపల్లెలో పుట్టిన నాన్నకి అది అంత పాతగా అనిపించలేదు. “ఇక్కడ కూడానా?” అన్నాడు, అంతే.

మేం యూదులమని తెలిశాక గైడ్ అడిగిన మొదటి ప్రశ్న, ఇజ్రాయెల్ ఎప్పుడు వెళ్తున్నారని. మణిపూర్, మిజోరం నుంచి బ్నే మెనషేలు అనే యూదులు వేలల్లో వెళ్ళారు. మాకు మాత్రం యూదులమన్న గుర్తింపు ఇజ్రాయెల్ నుంచి రాలేదు. కొచ్చి యూదులు మాత్రం 1950ల నుంచి దాదాపు అందరూ వెళ్ళిపోయారు. ప్రార్థనకి పదిమంది మగవాళ్ళు కావాలి, ఇక్కడ స్థానికులతో ఆ లెక్క తేలదు. మా ఊళ్ళో పదిమందికి కరువు లేదు, ఆ గుర్తింపు కాగితానికే కరువు.

గుడికి ఐదు స్టార్లు, గైడ్‌కి రెండు. టైముంటే ఎర్నాకుళం మార్కెట్ దగ్గర కడవుంబాగం సినగాగ్‌కీ వెళ్ళండి. ముందు చేపలు, మొక్కలు అమ్మే దుకాణం కనిపిస్తుంది, దారి అందులోంచే.