రిపన్ భవనం చుట్టూ మేయర్ల కథలు: ఒక ఆదివారపు నడక

చెన్నైలో తెలుగువారు కొందరు కలిసి అప్పుడప్పుడూ ఆదివారం ఉదయం నగరపాలన చరిత్రను తెలుగులో చెబుతూ నడిపిస్తున్నారని విని, మనిషికి 300 రూపాయలు కట్టి మేమిద్దరం వెళ్ళాము. మాది చిట్లపాక్కం, తాంబరంలో లోకల్ రైలెక్కి పార్క్ స్టేషన్‌లో దిగితే నగర కార్పొరేషన్ కార్యాలయమైన రిపన్ భవనం నాలుగడుగుల దూరమే. ఏడింటికి మొదలుకావలసిన నడక ఏడున్నరకు గాని కదలలేదు. పూందమల్లి హైరోడ్డు మీది బస్సుల హోరులో వారి చేతి మైకు ఏమాత్రం వినపడలేదు.

1913లో తెరిచిన ఆ తెల్లని భవనం స్తంభాలకూ గడియారానికీ పెట్టిన సమయాన్ని సగానికి తగ్గించవచ్చు. ముంగిట ఉన్న పిట్టి త్యాగరాయ శెట్టి విగ్రహం దగ్గర మాత్రం కథనం ఊపందుకుంది. 1920ల మొదట్లో కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్న ఈ తెలుగువాడే టి.నగర్‌లోని ‘టి’ అని చెప్పగానే, మా పక్కనున్న కుర్రవాడు తలెత్తి ఆ విగ్రహాన్ని మళ్ళీ చూశాడు.

డబ్బు గిట్టుబాటైంది ఆ తరువాతి ముప్పావు గంటలో. మస్టర్ రోళ్ళ (కూలీల హాజరు పట్టీల) కుంభకోణంతో 1973లో కౌన్సిల్ రద్దయ్యాక 1996 దాకా నగరానికి మేయరే లేడన్న సంగతి, ఇన్నేళ్ళుగా ఇక్కడ ఉంటున్న నాకే తెలియదు. 1996లో ప్రజలు నేరుగా ఎన్నుకున్న స్టాలిన్ హయాంలో ఫ్లైఓవర్లు రావడం, వాటిపై అవినీతి ఆరోపణల కేసులో 2001 జూన్ 30 తెల్లవారుజామున కరుణానిధిని అరెస్టు చేయడం, అదే ఏడాది స్టాలిన్ మళ్ళీ మేయరుగా గెలవడం, ఒకే మనిషి శాసనసభ్యుడిగా, మేయరుగా ఉండరాదన్న 2002 నాటి చట్టంతో ఆ కుర్చీ వదులుకోవడం, వీటన్నిటినీ చెప్పేవారు ఏ పక్షానికీ కొమ్ముకాయకుండా వరుసగా చెప్పారు. ఎన్నిక పద్ధతి కూడా ప్రభుత్వంతోపాటే మారుతూ వచ్చింది: 2006లో కౌన్సిలర్లు ఎన్నుకున్నారు, 2011లో మళ్ళీ ఓటర్లు, 2022లో మళ్ళీ కౌన్సిలర్లు.

శివారుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండు ముక్కల్లో ముగించారు. పల్లావరం, పమ్మల్, అనకాపుత్తూరు, సెంబాక్కం, తాంబరం మునిసిపాలిటీలను, మా చిట్లపాక్కంతో సహా అయిదు పట్టణ పంచాయతీలను కలిపి 2021 నవంబరులో తాంబరం కార్పొరేషన్ ఏర్పరచారు. దాని తొలి మేయరు వసంతకుమారికి 2022 మార్చిలో పదవి చేపట్టేనాటికి పాతికేళ్ళు. డెబ్బై వార్డులకు పెద్దగా ఒక పాతికేళ్ళ దళిత యువతి కూర్చున్న కథను విడిచిపెట్టడం నాకు నచ్చలేదు, అక్కడే అడిగాను కూడా. తాంబరంలో విడిగా ఒక నడక పెడతామన్నారు. పెడితే మళ్ళీ 300 కడతాము, మైకు మార్చి తెస్తే.