ఎన్‌ఎస్‌ఎక్స్‌లో రోల్స్: ఏడాది వాడాక నా అనుభవం

గుంటూరు కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆస్పత్రి నెట్‌వర్క్ చూసే టీమ్‌లో పనిచేస్తాను, విజయవాడ బ్రాంచి కూడా మాదే, రెండు చోట్లా వీఎంవేర్ ఎన్‌ఎస్‌ఎక్స్ (నెట్‌వర్క్‌నీ ఫైర్‌వాల్‌నీ సాఫ్ట్‌వేర్‌తోనే నడిపే వ్యవస్థ) నడుస్తోంది. దాని స్పీడు గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఒక్క విషయమే రాస్తాను, ఎవరికి ఎంతవరకు చెయ్యి పెట్టే అధికారం ఇవ్వాలో అందులో ఎంత బాగా పెట్టుకోవచ్చన్నది. ఒక మనిషికి ఇచ్చే ఆ అధికారాల కట్టనే రోల్ అంటారు.

ముందు మా తప్పు చెప్పాలి. ఆరుగురం, అందరికీ ఒకటే అడ్మిన్ లాగిన్, పాస్‌వర్డ్ వాట్సాప్ గ్రూపులో. ఒక రాత్రి డిస్ట్రిబ్యూటెడ్ ఫైర్‌వాల్‌లో (ప్రతి వర్చువల్ మెషీన్ దగ్గరా ట్రాఫిక్‌ని వదలాలో ఆపాలో చూసేది) అన్నిటికంటే కింద ఉండే డిఫాల్ట్ రూల్ 'అలో' నుంచి 'డ్రాప్'కి మారిపోయింది. పైన మేం రాసుకున్న రూల్స్ నాలుగైదే, వాటిలోకి రాని ట్రాఫిక్ అంతా ఆగిపోయింది. బిల్లింగ్ కౌంటర్ దగ్గర జనం, ల్యాబ్ రిపోర్టులు వార్డులకి చేరట్లేదు, వర్చువల్ మెషీన్లన్నిటినీ నడిపే వీసెంటర్‌ని ఎక్స్‌క్లూజన్ లిస్టులో (ఫైర్‌వాల్ ముట్టుకోనివాటి జాబితా) పెట్టుకోలేదు కాబట్టి అదీ తెరుచుకోలేదు. ఎన్‌ఎస్‌ఎక్స్‌ని నడిపే మేనేజర్ సర్వర్లకి ఆ మినహాయింపు ముందే ఉంటుంది గనక లోపలికి వెళ్లి రూల్ సరిచేయగలిగాం. తర్వాత లాగ్ తెరిస్తే 'అడ్మిన్' అని ఉంది. ఆరుగురిలో ఎవరు? అందరం ఒకే జంప్ సర్వర్ (లోపలికి వెళ్లడానికి వాడే మధ్య కంప్యూటర్) నుంచి వెళ్తాం, ఐపీ చూసినా తేలదు. నైట్ డ్యూటీలో ఉన్న కొత్త కుర్రాడు "నేను కాదన్నా" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, అతని మాట నిజమని చూపించడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాతి వారమే ఆస్పత్రి ఉద్యోగుల లాగిన్లన్నీ ఉండే యాక్టివ్ డైరెక్టరీని ఎల్‌డాప్ అనే పద్ధతితో ఎన్‌ఎస్‌ఎక్స్‌కి కలిపి ఎవరి పేరుతో వాళ్లు లాగిన్ అయ్యేలా చేశాం. ఇక్కడ ఎన్‌ఎస్‌ఎక్స్ నాకు నిజంగా నచ్చింది. నెట్‌వర్క్ అడ్మిన్ రోల్ ఉన్నవాళ్లు రూటింగ్, సెగ్మెంట్లు (నెట్‌వర్క్‌లోని విడి భాగాలు) మార్చగలరు కానీ డిస్ట్రిబ్యూటెడ్ ఫైర్‌వాల్ రూల్స్ చూడటం వరకే. సెక్యూరిటీ అడ్మిన్‌కి అది తిరగబడుతుంది. ఆడిటర్ అన్నీ చూస్తాడు, ఏదీ మార్చలేడు, బయటి నుంచి ఆడిట్‌కి వచ్చేవాళ్లకి కళ్లు మూసుకుని ఇచ్చేయొచ్చు. అన్నీ మార్చగల ఎంటర్‌ప్రైజ్ అడ్మిన్ మాత్రం ఇద్దరికే ఉంచాం.

ముందే ఉన్న రోల్స్‌ని మార్చనివ్వదు, మనకి తగ్గట్టు కావాలంటే ఒకదాన్ని క్లోన్ చేసి (నకలు తీసి) ఒక్కో ఫీచర్‌కి ఏమీ లేదు, చూడటం, ఎగ్జిక్యూట్, పూర్తి అధికారం అని పెట్టుకుంటూ పోవాలి. ఆ జాబితా చాలా పొడుగు, ఓపిక ఉండాలి, ఒకటి తీసేస్తే దానిమీద ఆధారపడ్డ ఇంకో స్క్రీన్ పనిచేయదు, మాకు ఒక ఆదివారం మొత్తం పట్టింది. ఇంకో జాగ్రత్త, ఒకే మనిషికి రెండు రోల్స్ ఇస్తే అధికారాలు కలిసిపోతాయి, తక్కువదే వర్తిస్తుందని అనుకోకండి. 4.1 వెర్షన్ నుంచి ప్రాజెక్ట్స్ (ఒకే ఎన్‌ఎస్‌ఎక్స్‌లో విడివిడి భాగాలు) కూడా తెరమీదే పెట్టుకోవచ్చు, విజయవాడ వాళ్లకి వేరే ప్రాజెక్ట్ ఇస్తే వాళ్ల అడ్మిన్ చెయ్యి అక్కడి వరకే.

అయితే ఇదంతా చేసి వీసెంటర్‌ని వదిలేస్తే లాభం లేదు. దాని అధికారాలు వేరు. అక్కడ అడ్మినిస్ట్రేటర్‌గా ఉన్నవాడు ఎన్‌ఎస్‌ఎక్స్ మేనేజర్ నడిచే వర్చువల్ మెషీన్‌నే ఆపేయగలడు, మన రోల్స్ అప్పుడేం చేస్తాయి? మేం రెండోసారి కూర్చుని అదీ కత్తిరించాం.

పాత లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ సీలు వేసిన కవర్లో మా మేనేజర్ గారి బీరువాలో ఉంది, యాక్టివ్ డైరెక్టరీ పడిపోతే లోపలికి వెళ్లడానికి అదొక్కటే దారి. డిఫాల్ట్‌గా 90 రోజులకి ఆ పాస్‌వర్డ్ గడువు అయిపోతుంది, ఆ తేదీ క్యాలెండర్లో రాసుకోండి, కవర్ తెరిచాక పనిచేయకపోతే ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

ఐదుకి నాలుగు ఇస్తాను. వీఎంవేర్ కంపెనీ బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లాక ఎన్‌ఎస్‌ఎక్స్ వీఎంవేర్ క్లౌడ్ ఫౌండేషన్ అనే పెద్ద ప్యాకేజీతో కలిపే వస్తోంది, చిన్న ఆఫీసులకి అంత ఖర్చు దండగ. ఇప్పటికే వాడుతున్నవాళ్లు మాత్రం ఇవాళే యూజర్ల జాబితా తెరిచి ఎంటర్‌ప్రైజ్ అడ్మిన్లు ఎంతమందో లెక్కపెట్టండి. మా కుర్రాడు ఇప్పుడు సెక్యూరిటీ ఆపరేటర్‌గా ఉన్నాడు, నైట్ డ్యూటీ కూడా ధైర్యంగా చేస్తున్నాడు.